విక్రాంత్ హేంగర్‌లో మేమూ, మా సీ హాక్‌లూ

హోల్డ్‌బ్యాక్ రింగ్ అని ఒక చిన్న ఉక్కు ముక్క ఉండేది. సీ హాక్ యుద్ధవిమానం మన విమానవాహక నౌక విక్రాంత్ డెక్ మీద, విమానాన్ని ఆవిరి బలంతో గాల్లోకి విసిరే కేటపల్ట్ దగ్గరకు వచ్చి, ఇంజన్ ఫుల్ పవర్‌లో హోరెత్తుతున్నప్పుడు, అది ముందుకు దూసుకుపోకుండా వెనక నుంచి పట్టి ఉంచేది ఆ ముక్కే. కేటపల్ట్ ఆవిరి లాగిన క్షణంలో అది విరగాలి. విరిగితేనే విమానం వదులుతుంది. ముందే విరిగినా ప్రమాదమే, విరగాల్సినప్పుడు విరగకపోయినా ప్రమాదమే. అందుకని దొరికిన ఇనుముతో చేసుకునే వస్తువు కాదది. ఒక టేకాఫ్‌కు ఒకటి ఖర్చు. అంటే స్టోర్స్ పెట్టెలో ఎన్ని రింగులుంటే అన్నిసార్లే మన విమానాలు ఎగిరేది.

ప్రతి డిసెంబరు 4న నేవీ డే వస్తుంది. విశాఖ ఆర్.కె. బీచ్‌లో జనం, విన్యాసాలు, ఫోన్లలో వీడియోలు. 1971 పాకిస్తాన్ యుద్ధంలో కరాచీ మీద దాడి చేసిన మిసైల్ బోట్ల గురించి చెబుతారు, విశాఖ ముంగిట మునిగిన పాకిస్తానీ సబ్‌మెరైన్ ఘాజీ గురించి చెబుతారు, అప్పటి తూర్పు పాకిస్తాన్ రేవు చిట్టగాంగ్ మీద బాంబులు వేసిన పైలట్ల గురించి చెబుతారు. చెప్పాల్సినవే, నాకూ వింటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ రింగుల పెట్టె గురించి ఎవరూ చెప్పరు. ఆ విమానాలు ఎలా బతికి ఉన్నాయో ఎవరూ అడగరు. ఈ వయసులో నేనైనా రాసిపెట్టకపోతే ఆ సంగతి మాతోనే పోతుంది.

మాది భీమిలి దగ్గర పల్లె. విశాఖలో బాయ్స్ ట్రైనింగ్‌లో చేరాను. తర్వాత కొచ్చిలో ఎయిర్ మెకానిక్‌గా, ఇంజన్ల వైపు శిక్షణ ఇచ్చారు. అక్కడి నుంచి గోవా, నేవీ ఎయిర్ స్టేషన్ హన్సా. పోస్టింగ్ సీ హాక్‌లుండే 300 స్క్వాడ్రన్‌కు. తెల్లపులి గుర్తు మాది, వైట్ టైగర్స్ అంటారు. యుద్ధం నాటికి నాకు మీసాలు కూడా సరిగా రాలేదు.

సీ హాక్ గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మా కష్టం అర్థం కాదు. బ్రిటన్‌లో హాకర్ కంపెనీ డిజైన్ చేసిన విమానం, మొదటిసారి ఎగిరింది 1947లో. ఒకే సీటు, ఒకే ఇంజన్, వెనక్కి వాలని తిన్నని రెక్కలు, ముక్కు కింద నాలుగు 20 మి.మీ. ఫిరంగులు. ధ్వని వేగం దాటలేదు. అందమైన విమానం, ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. రోల్స్‌రాయిస్ నీన్ ఇంజన్ మధ్యలో ఉంటుంది, దాని వేడిగాలి తోక దాకా పోకుండా రెండు పాయలుగా చీలి, రెక్కల మొదట్లో రెండు పక్కలా బయటికి వస్తుంది. అలా చేయడం వల్ల వెనక భాగంలో ఇంధనం ట్యాంకుకు చోటు దొరికింది. ఆ తెలివికి డిజైన్ చేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ ఆ రెండు పాయలు చీలే చోట పగుళ్లు చూడాల్సిన మాకు మాత్రం నడుం విరిగేది. టార్చి ఒక చేత్తో, కర్రకు కట్టిన చిన్న అద్దం ఇంకో చేత్తో పట్టుకుని, తల లోపలికి దూర్చి, ఇంకా చల్లారని లోహం మీద వెంట్రుకంత గీత కోసం వెతకడం. ఒక్కోసారి మసి గీతా పగులు గీతా ఒకేలా ఉంటాయి. గుడ్డతో తుడిచి మళ్లీ చూడాలి. అప్పటికీ అనుమానం పోకపోతే మా పై మెకానిక్‌ను, అంటే చీఫ్‌ను, పిలవాలి.

మన నేవీ మొదటి విడతగా 24 సీ హాక్‌లకు ఆర్డర్ ఇచ్చింది 1959లో. బ్రిటిష్ నేవీ మాత్రం 1960 చివరికల్లా వాటిని తన ముందు వరుస స్క్వాడ్రన్ల నుంచి తీసేసింది. విక్రాంత్ బెల్‌ఫాస్ట్‌లో కమిషన్ అయింది 1961 మార్చి 4న. ఆ మే నెల 18న దాని డెక్ మీద మొదటి జెట్‌ను దింపింది అప్పటి లెఫ్టినెంట్ తహిలియానీ గారు, తర్వాతి రోజుల్లో నేవీ చీఫ్ అయ్యారు. అంటే మన ఓడ మీద మన సీ హాక్ కాలు పెట్టేటప్పటికే, దాన్ని కన్న దేశం దాన్ని వదిలేసింది. ఫ్యాక్టరీలో ఆ లైన్ మూతపడ్డాక స్పేర్లు ఎవరు చేస్తారు? చేసినా మన కొద్దిపాటి ఆర్డరు కోసం ఎంత తీసుకుంటారు, ఎన్నాళ్లకు ఇస్తారు? ఈ ప్రశ్నలు మేము చేరకముందే మొదలయ్యాయి, మేము వచ్చేశాక కూడా అయిపోలేదు.

1965 యుద్ధం తర్వాత ఇంకా బిగుసుకుంది. పశ్చిమ దేశాలు ఆయుధాలకు అడ్డం పెట్టాయి. ఆ రోజుల్లోనే పశ్చిమ జర్మనీ నేవీ వాడి పక్కనపెట్టిన సీ హాక్‌లు 28 మనకు చేరాయి. వాటిని చూసి అప్పటివాళ్లు సంబరపడ్డారట, కానీ వాటితో కొత్త తలనొప్పి. అవీ సీ హాక్‌లే, అయినా అచ్చం ఒకటి కాదు. తోక రెక్క ఎత్తు వేరు. కొన్నిటికి రెక్క కింద రాడార్ తగిలించే ఏర్పాటు ఉండేది, దానికి తగ్గ వైరింగు. ఒకే పేరున్న భాగం రెండు విమానాల్లో రెండు పార్ట్ నంబర్లతో ఉండేది. స్టోర్స్‌లో భాగం చేతికొచ్చి, విమానం దాకా మోసుకొచ్చి, పెట్టబోతే బోల్టు కన్నం కుదరదు. అప్పుడు పడే బాధ ఆ పని చేసినవాడికే తెలుసు.

ఒక్క ఊరట ఏమిటంటే నీన్ ఇంజన్ గట్టిది. మన వైమానిక దళం ఫ్రెంచి యుద్ధవిమానాలు తూఫానీలు ఎగిరింది కూడా ఫ్రాన్సులో లైసెన్సు మీద చేసిన నీన్‌తోనే. యుద్ధం అయిన కొత్తలో బ్రిటన్ ఇదే ఇంజన్‌ను రష్యాకు అమ్మితే, వాళ్లు దాన్ని చూసి చేసుకున్న ఇంజనే మిగ్-15లో పెట్టుకున్నారు. అంత పేరున్న ఇంజన్. దుమ్ము తిన్నా, ఉప్పు తిన్నా ఓర్చుకునేది. నీన్ లాంటి మొండి ఇంజన్ కాకుండా నాజూకుదేదైనా అయి ఉంటే మా కథ 1968లోనే ముగిసేదని నా నమ్మకం.

స్పేరు లేక నేలమీద ఆగిన విమానాన్ని ఎ.ఓ.జి., అంటే ఎయిర్‌క్రాఫ్ట్ ఆన్ గ్రౌండ్, అనేవాళ్లం. డిమాండ్ రాసిన కాగితం మా స్క్వాడ్రన్ నుంచి స్టోర్స్‌కు, అక్కడ లేకపోతే కొచ్చికి, అక్కడా లేకపోతే సముద్రం దాటి వెళ్లాలి. జవాబు నెలల్లో రావచ్చు, ఏడాదికి రావచ్చు. అప్పటిదాకా పైలట్లు ఎగరకుండా కూర్చుంటారా? కూర్చోరు. అందుకని ఒక విమానం నుంచి తీసి ఇంకోదానికి పెట్టడం. మా భాషలో దాన్ని రాబింగ్ అనేవాళ్లం. ఇంట్లో ఒక్కటే నెక్లెసు ఉంటే ప్రతి ఆడపిల్ల పెళ్లిచూపులకూ అదే తిరిగినట్టు, మంచి ఫ్యూయల్ పంపు ఒకటి ఉంటే అది ఆ రోజు ఎగరాల్సిన విమానం మెడలోకి చేరేది.

బయటివాళ్లకు ఇది సులువైన ఉపాయంగా కనిపిస్తుంది. చేసేవాడికి ఒక పని నాలుగవుతుంది. మంచి భాగాన్ని దాత విమానం నుంచి విప్పాలి, రెండోదాంట్లో బిగించాలి, టెస్ట్ చేయాలి, రేపు అసలు స్పేరు వస్తే దాతలో మళ్లీ బిగించి మళ్లీ టెస్ట్ చేయాలి. విప్పిన ప్రతిసారీ మర అరుగుతుంది, పైపు యూనియన్ కాస్త వంగుతుంది, లాకింగ్ వైర్ కొత్తది వేయాలి. పైగా ఆ భాగం ఇప్పటికి ఎన్ని గంటలు పనిచేసిందో దాని కార్డు కూడా దానితోపాటే కదలాలి. కార్డు ఒక చోట, భాగం ఒక చోట అయిపోతే ఆ భాగం ఎంత మంచిదైనా పనికిరానిదే, ఎందుకంటే దాని వయసు ఎవరికీ తెలియదు. మా చీఫ్ ఒకాయన కేరళవాడు, రాత్రి ఎంత పొద్దుపోయినా కార్డులు తానే చూసి సంతకం చేశాకే హేంగర్ వదిలేవాడు. "విమానానికి నోరు లేదు, కాగితమే దాని నోరు" అని హిందీలో అనేవాడు. కుర్రతనంలో విసుక్కున్నాను గానీ, ఆ తర్వాత నేనూ నా కింది కుర్రాళ్లతో అలాగే చేయించాను.

అన్నిటికంటే ఎక్కువ సతాయించినవి రబ్బరు సీళ్లు. చక్రాలు ముడవాలన్నా, ఫ్లాప్‌లు దిగాలన్నా, డెక్ మీద రెక్కలు పైకి మడవాలన్నా హైడ్రాలిక్ ప్రెషరే కావాలి. ఓ.ఎం.15 అనే ఎర్ర నూనె అందులో. ఒక్క సీలు చెడితే చాలు, పొద్దున్నే విమానం కింద డెక్ మీద ఎర్ర మడుగు. స్టోర్స్‌లో సీలు ఉంటుంది, కవరు కూడా విప్పి ఉండదు, కానీ కవరు మీద తేదీ చూస్తే దాని ఆయుష్షు అయిపోయి ఉంటుంది. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది మరి. అలాంటప్పుడు కూడా ఒకసారి చూసేవాళ్లం, ఆఫీసర్ అనుమతి ఇస్తే పనికొస్తుందేమోనని. వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా వంచి, వంగిన చోట బయటి అంచును టార్చి వెలుగులో చూడాలి. సన్నని గీతలు తెరుచుకున్నాయంటే అది చెత్తబుట్టకే. నిగనిగలాడుతూ సాగితే, వదిలిన వెంటనే గుండ్రంగా సర్దుకుంటే, దాన్ని నూనెలో ముంచి జాగ్రత్తగా గాడిలో కూర్చోబెట్టేవాళ్లం. పెట్టేటప్పుడు మెలిక పడకూడదు. హేంగర్‌లో ఏసీ ఉండదు, చెమట బొట్టు గాడిలో పడకూడదని నుదుటికి గుడ్డ కట్టుకునేవాళ్లం. ఇప్పటికీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ మార్చాల్సి వస్తే ముందు వంచి చూస్తాను.

ఇక ఉప్పు. నేల మీది ఎయిర్‌ఫీల్డులో విమానాలకు దుమ్ము శత్రువైతే మాకు ఉప్పుగాలి. అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది, రివెట్ల చుట్టూ మొదలవుతుంది. ఉక్కు భాగాలకు తుప్పు. దానికి మందు మంచినీళ్లు. ఎగిరి వచ్చిన విమానాన్ని మంచినీళ్లతో కడగాలి, ఆరాక పి.ఎక్స్.24 లాంటి నీటిని తోసేసే ఆయిల్ పట్టించాలి. మరి నడిసముద్రంలో మంచినీళ్లు ఎక్కడివి? ఉప్పునీటిని ఓడలోనే మరిగించి తయారుచేసుకున్నవే. ఆ నీళ్లలో మొదటి వాటా బాయిలర్లది, తర్వాత వంటకూ తాగడానికీ, ఆ తర్వాతే విమానాలకు. మా స్నానాలు చిట్టచివర. నీళ్లు కట్ అయిన రోజుల్లో ఉప్పు గట్టిన ఒంటితోనే పడుకునేవాళ్లం. విమానం కడగడానికి ఇచ్చిన బకెట్లోంచి చెంబుడు నీళ్లు తీసుకుని మొహం కడుక్కున్నవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా నీళ్లున్నాయి, ఎవరూ కాపలా లేరు, అయినా చూడలేదు.

బాయిలర్ల మాట వచ్చింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. 1970లో విక్రాంత్ బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో పగుళ్లు కనిపెట్టారు. ఆ రకం బాయిలర్‌కు పైన ఒక ఆవిరి డ్రమ్ము, కింద రెండు నీటి డ్రమ్ములు ఉంటాయి, మధ్యలో వందల ట్యూబులు. ఆ పగుళ్లు వెల్డింగ్‌తో పూడ్చేవి కావు. కొత్త డ్రమ్ములు మన దేశంలో దొరకవు, బ్రిటన్‌కు ఆర్డరు పెట్టారు. అవి వచ్చేదాకా బాయిలర్లు వెలిగించొద్దన్నారు. నెలల తరబడి ఓడ బొంబాయిలో కదలకుండా ఉంది.

విమానాలవాళ్లకు బాయిలర్లతో పనేమిటి అనుకోవచ్చు. మొత్తం పని వాటితోనే. కేటపల్ట్ నడిచేది ఆవిరితో. ఓడ వేగం ఆవిరితో. ఓడ ఎంత వేగంగా గాలికి ఎదురెళ్తే విమానానికి రెక్కల మీద అంత గాలి ముందే దొరుకుతుంది, అంత బరువుతో ఎగరగలదు. విక్రాంత్ కొత్తలో 24 నాట్ల పైచిలుకు వేగం అందుకునేది. 1971లో కొత్త డ్రమ్ములు రాకుండానే, ఒక బాయిలర్‌ను పూర్తిగా పక్కనపెట్టి, మిగిలిన మూడింటిని జాగ్రత్తగా వెలిగించి బయల్దేరితే, ప్రొపెల్లర్ నిమిషానికి 120 చుట్లు మించకూడదని కట్టుబాటు. వేగం 14 నాట్లు. గాలి బాగా వీచే రోజు పర్వాలేదు. గాలి పడిపోయిన రోజు బాంబులు తగ్గించుకోవాలి, లేదా ఇంధనం తగ్గించుకోవాలి. ఇంధనం తగ్గిస్తే దూరం తగ్గుతుంది, అంటే ఓడ శత్రు తీరానికి ఇంకా దగ్గరగా వెళ్లాలి. బ్రిటన్ నుంచి రావాల్సిన ఒక ఉక్కు డ్రమ్ము రాకపోతే, చిట్టగాంగ్ మీద పడే బాంబు బరువు మారిపోతుంది. సప్లై అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

1971 మార్చి 1న బాయిలర్లు వెలిగించిన రోజు మాకు పండగే. అదే రోజు కేటపల్ట్ పరీక్షలు కూడా చేశారు. మార్చి 18న సముద్రం మీదికి వెళ్లి రెండు రోజుల్లో తిరిగొచ్చింది, ఏప్రిల్ చివర్లో మళ్లీ వెళ్లింది. కింద బాయిలర్ రూంలో ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో వాళ్లకు బాగా తెలుసు. పగులున్న బాయిలర్ పక్కన నిలబడి వాచ్ డ్యూటీ చేయడం మాటలు కాదు. 1965 యుద్ధంలో ఓడ రిపేరులో ఉండిపోయిందని, అన్ని కోట్లు పోసి కొన్నది రేవులో కూర్చోడానికేనా అని జనం అన్న మాటలు ఓడలో ప్రతివాడికీ గుచ్చుకుని ఉన్నాయి. ఈసారి కూడా ఉండిపోతే నేవీలో విమానాల విభాగమే ఉండదన్న టెన్షన్ పెద్దాఫీసర్ల నుంచి మా దాకా పాకింది. అప్పటి నేవీ చీఫ్ అడ్మిరల్ నందా గారి పట్టుదల వల్లే విక్రాంత్ బయటికి కదిలిందని మేమందరం అనుకునేవాళ్లం.

తర్వాత మద్రాసు, విశాఖ నీళ్లలో సాధన. నెలల తరబడి ఎగరని పైలట్లకు డెక్ మీద దిగడం మళ్లీ అలవాటు చేయాలి. దిగిన ప్రతిసారీ టైర్లు, బ్రేకులు, డెక్ మీది తీగను పట్టే హుక్కు చూడాలి. ఆ రోజుల్లో మేము రెండు లెక్కలు పక్కపక్కనే వేసుకునేవాళ్లం. సాధనకు ఎన్ని ఎగరాలి, యుద్ధానికి ఎన్ని మిగలాలి. ఇంజన్‌కు ఓవర్‌హాల్ దాకా, అంటే పూర్తిగా విప్పి సరిచేసేదాకా, ఇన్ని గంటలే అని రాసిపెట్టి ఉంటుంది. సాధనలో ఆ గంటలు ఖర్చుపెట్టేస్తే యుద్ధంలో ఏముంటుంది? ఖర్చుపెట్టకపోతే పైలట్ చేయి తిరిగేదెలా? లెఫ్టినెంట్ కమాండర్ ఎస్.కె. గుప్తా గారు మా స్క్వాడ్రన్ కమాండర్. ఏ విమానం ఏ స్థితిలో ఉందో రోజూ మా చీఫ్‌ల దగ్గర కూర్చుని వినేవారు. వినే ఆఫీసర్ దొరకడం స్పేరు దొరికినంత అదృష్టం.

నవంబరు మధ్యలో మేము అండమాన్ల వైపు వెళ్లిపోయాం. ఎక్కడికో మాకూ చెప్పలేదు. ఉత్తరాలు బంద్. అర్జెంటు భాగం ఏదైనా తీరం నుంచి, విక్రాంత్ మీదే ఉండే ఇంకో రకం విమానం అలిజేలో వస్తే అదే మహాభాగ్యం.

ఆ సమయంలోనే విశాఖలో జరిగింది నాకు తర్వాత ఇంట్లో తెలిసింది. తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు విక్రాంత్ విశాఖలోనే ఉన్నట్టు శత్రువును నమ్మించడానికి ఒక ఎత్తు వేశారు. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్‌తో విక్రాంత్‌లాగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఊళ్లో కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు, రేషన్ పెద్ద ఎత్తున ఆర్డర్లు ఇప్పించారు, అన్ని వేలమందికి సరిపడా సరుకు అంటే పెద్ద ఓడ రేవులో ఉన్నట్టేగా. మా చిన్నాన్నకు పూర్ణా మార్కెట్లో కూరగాయల దుకాణం. "ఇంత సరుకు ఎవరికి" అని ఈయన అడగడం, వాళ్లు చెప్పీ చెప్పకుండా నవ్వడం, ఈయన సాయంత్రానికల్లా భీమిలికి కబురు పంపడం జరిగిపోయాయి. మా అమ్మ ఆవకాయ జాడీ, జంతికల డబ్బా పట్టుకుని బస్సెక్కి పోర్టు గేటు దాకా వచ్చింది. సెంట్రీ లోపలికి పంపలేదు, ఓడ లేదనీ చెప్పలేదు. జనవరిలో నేను సెలవు మీద ఇంటికెళితే ఆవిడ మొదటి మాట, "ఏటిరా, అంత దగ్గరకొచ్చి ఇంటికి రాలేకపోనావా?" నేను అప్పుడు అండమాన్లలో ఉన్నానంటే చాలాసేపు నమ్మలేదు. చిన్నాన్న మాత్రం తన వంకాయలు దేశానికి పనికొచ్చాయని పోయేవరకూ చెప్పుకున్నాడు. చెప్పుకోవాల్సిందే.

శత్రువు రహస్యం బయటపడింది కూడా ఒక స్టోర్స్ డిమాండు వల్లే. చిట్టగాంగ్‌కు ఒక పాకిస్తానీ సందేశం వెళ్లింది, ఫలానా రకం లూబ్రికేటింగ్ ఆయిల్ గురించి అడుగుతూ. మనవాళ్లు దాన్ని పట్టుకున్నారు. ఆ నూనె వాడేది సబ్‌మెరైన్లూ, మైన్‌స్వీపర్లూ మాత్రమే. దాంతో ఘాజీ బంగాళాఖాతంలోకి వస్తోందని అర్థమైంది. విక్రాంత్ కోసం వెతుకుతూ వచ్చిన ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ హార్బర్ బయటే మునిగిపోయింది. ఆ పేలుడుకు బీచ్ దగ్గర ఇళ్ల కిటికీలు అదిరాయి. నూనె డబ్బా కోసం రాసిన ఒక్క సందేశం ఎంత పని చేసిందో చూడండి.

డిసెంబరు 4 ఉదయం మా విమానాలు లేచాయి. ఎనిమిది సీ హాక్‌లు, తీరానికి సుమారు 60 నాటికల్ మైళ్ల నుంచి. ముందు కాక్స్ బజార్ ఎయిర్‌ఫీల్డు, ఆ రోజే తర్వాత చిట్టగాంగ్. తర్వాతి రోజుల్లో ఖుల్నా, మోంగ్లా. రాత్రిళ్లు అలిజేలు వెళ్లేవి. 10వ తేదీ దాకా ఇదే పని.

మేము చూసిన యుద్ధం ఇదీ. లేచినవి లెక్కపెట్టడం, దిగినవి లెక్కపెట్టడం. ఎనిమిదీ దిగేదాకా డెక్ మీద ఎవరూ గట్టిగా ఊపిరి తీయరు. దిగాక ఒక్క క్షణం ఆగేది లేదు. చక్రాలకు చోకులు (అడ్డదిమ్మలు), గొలుసులు, ఇంధనం గొట్టం, ఫిరంగుల్లో గుళ్లు, రెక్కల కింద బాంబులు, ఆక్సిజన్. ఆయుధాల వైపు నా తోడు కాకినాడ అబ్బాయి ఒకడుండేవాడు. గుళ్ల బెల్టు భుజాన మోసుకొస్తూ "గురూ, జరుగు జరుగు" అని అరిచే అతని గొంతు ఇప్పటికీ నాకు వినబడుతుంది. నేను ఇంజన్ లోపల చూసి బాగుంది అంటేనే ఆ విమానం మళ్లీ కేటపల్ట్‌కు వెళ్లేది.

కొన్ని విమానాలకు నేల మీది నుంచి కాల్పులు తగిలాయి. ఒకదానికి రెక్క చర్మంలో కన్నం పడింది, అంచులు రేకులు విచ్చుకున్నాయి. అతుకు ఎలా వేస్తారంటే, ముందు చిరిగిన అంచంతా కత్తిరించి కన్నాన్ని గుండ్రంగా చేయాలి, మూలలు మిగలకూడదు, మూల ఉంటే అక్కడి నుంచి పగులు పాకుతుంది. పాకిన సన్న పగుళ్ల కొసన చిన్న రంధ్రం తొలవాలి, అక్కడితో ఆగిపోవడానికి. అంచులు ఆకురాయితో నున్నగా చేయాలి. లోపల ఏ పైపూ, ఏ కేబుల్ తెగలేదని వేలితో తడిమి చూడాలి. అప్పుడు కన్నాన్ని మించిన సైజు రేకు కోసి, రివెట్లు వేయాలి. ఒకడు బయట నుంచి కొడితే ఇంకొకడు లోపల ఇనుప దిమ్మ ఆనించి పట్టాలి. బ్లాకవుట్ వల్ల హేంగర్ తలుపులన్నీ మూసి, ఉక్కపోతలో ఆ శబ్దం చెవుల్లో గింగురుమనేది. ఆ పని ఎయిర్‌ఫ్రేమ్‌వాళ్లది, అంటే విమానం ఒళ్లు చూసేవాళ్లది, నేను దిమ్మ పట్టుకున్నాను. తెల్లారేసరికి అతుకు మీద ప్రైమర్ ఆరీ ఆరకముందే ఆ విమానం లిఫ్టు మీద పైకి వెళ్లింది. రంగు వేసే టైము లేదు, ఆకుపచ్చగా మెరిసే ఆ చదరపు ముక్కతోనే ఎగిరింది, దిగింది.

ఆ యుద్ధంలో విక్రాంత్ ఒక్క సీ హాక్‌ను కూడా పోగొట్టుకోలేదు. పైలట్ల నైపుణ్యం అది, సందేహం లేదు. గుప్తా గారికి, ఓడ కెప్టెన్ స్వరాజ్ పర్కాష్ గారికి మహావీర్ చక్ర ఇచ్చారు, మేమందరం పొంగిపోయాం. కానీ ఇంజన్ ఆగిపోయి నీళ్లలో పడ్డ విమానం కూడా లేదు కదా. ఓవర్‌హాల్ గంటల అంచున నడుస్తున్న ఇంజన్లు, తేదీ దాటిన సీళ్లు, మూడు బాయిలర్ల ఓడ, వాటితో అన్ని రోజులు యుద్ధం చేసి అందరినీ తిరిగి తెచ్చుకున్నాం. నా మటుకు నాకు 1971 అంటే ఇదే.

తర్వాత కూడా సీ హాక్‌లు చాలా ఏళ్లు ఎగిరాయి, ఏటేటా తక్కువ సంఖ్యలో. ఎగిరేవి కొన్ని, వాటికి భాగాలిచ్చేవి ఎక్కువ. 1983 డిసెంబరులో వాటి స్థానంలో కొత్త జెట్లు సీ హారియర్లు గోవాలో దిగేనాటికి నేను సర్వీసు వదిలి విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా 300 స్క్వాడ్రన్ వాటితో 2016 దాకా నడిచింది, ఆ తర్వాత మిగ్-29కె లకు మారింది.

జూనియర్లు కలిసినప్పుడు మాటలు అక్కడికే పోతాయి. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలతో, బ్రిటన్‌లో తయారైన సీ కింగ్ హెలికాప్టర్లకు కూడా స్పేర్లు ఆగిపోయాయి, ఎందుకంటే లోపల కొన్ని భాగాలు అమెరికావి. 2016లో కాగ్ నివేదిక మిగ్-29కె లలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 15.93 నుంచి 37.63 శాతం మధ్యే అని రాసింది. 65 ఇంజన్లలో 40 పక్కన పెట్టాల్సి వచ్చిందట. ఆ అంకెలు పేపర్లో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆ మిగతా విమానాల కింద రాత్రంతా పడుకుని టార్చి పట్టుకున్న కుర్రాళ్లు నాకు కనిపించారు. ఇప్పుడు 26 రఫేల్-ఎం విమానాలకు 2025 ఏప్రిల్‌లో ఒప్పందం అయింది. టీవీలో అందరూ దాని వేగం, మిసైళ్ల గురించి మాట్లాడుతుంటే నేను మాత్రం స్పేర్ల ఒప్పందం ఎన్నేళ్లకు, ఓవర్‌హాల్ ఇక్కడా అక్కడా అని వెతుకుతుంటాను. మనవడు నవ్వుతాడు. వాడికి కొన్నాళ్లకు అర్థమవుతుంది.

పాత విక్రాంత్‌ను 1997లో రిటైర్ చేశారు, 2014లో ముక్కలు చేశారు. ఆ ఉక్కు కొంత బజాజ్ వి బైకుల్లో కలిసింది. మా వీధిలో ఒకాయనకు ఆ బండి ఉంది. ఆయన తెలియక కొన్నాడు, నేను చెప్పాక ట్యాంకు రోజూ తుడుస్తున్నాడు.

ఇది రాయడంలో నా అసలు ఉద్దేశం ఒకటుంది. 1971లో విక్రాంత్ బాయిలర్ రూంలో పనిచేసిన తెలుగువాళ్లు, 300 స్క్వాడ్రన్‌లో, అలిజేల 310 స్క్వాడ్రన్‌లో ఎయిర్‌ఫ్రేమ్, ఎలక్ట్రికల్, ఆయుధాల వైపు ఉన్నవాళ్లు, స్టోర్స్‌లో ఆ డిమాండు కాగితాలు నడిపినవాళ్లు, నవంబరులో విశాఖ కాంట్రాక్టర్లకు సరుకు తోలినవాళ్లు, ఎవరైనా ఉంటే, లేదా మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, దయచేసి వాళ్లచేత చెప్పించి రాయండి. బాయిలర్ల వైపు కథ నాకు డెక్ మీది నుంచి తెలిసినంతే తెలుసు. ముఖ్యంగా ఆ మూడు బాయిలర్లను డిసెంబరు మొదటి వారంలో రాత్రీ పగలూ ఎలా చూసుకున్నారో అక్కడ నిలబడినవాళ్ల నోట వినాలని ఉంది. మా కాకినాడ మిత్రుడు ఇది చదువుతుంటే వెంటనే ఫోన్ చేయాలి. నంబరు మారలేదు.